లైనక్స్ కన్సోల్‌లో వీడియో ప్లేయర్ కీబోర్డ్‌కి పలకట్లేదా? ఇలా పట్టుకోండి

నల్ల స్క్రీన్ మీద ప్రాంప్ట్ తప్ప ఇంకేమీ లేని లైనక్స్ మెషీన్‌లో కూడా వీడియో చక్కగా చూడొచ్చు. డెస్క్‌టాప్ అక్కర్లేదు, విండోలు అక్కర్లేదు, ఎంపీవీ అనే ప్లేయర్ గానీ పాత ఎంప్లేయర్ గానీ ఉంటే చాలు. ర్యామ్ తక్కువున్న పాత ల్యాప్‌టాప్‌కీ, టీవీ వెనకాల తగిలించిన రాస్‌బెరీ పైకీ ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు. చిక్కల్లా కీబోర్డ్ దగ్గరే. బొమ్మ వస్తుంది, సౌండ్ వస్తుంది, స్పేస్ కొడితే మాత్రం ఆగదు. ఒక్కోసారి కాస్త ముందుకు జరుపుదామని బాణం కీ నొక్కితే ప్లేయరే మూసుకుపోతుంది. ఒక్కోసారి ప్లేయర్‌లోంచి బయటికొచ్చాక ఏం టైప్ చేసినా అక్షరం కనపడదు, ఇంకోసారి కీబోర్డ్ మొత్తం చచ్చినట్టు పడి ఉంటుంది.

పైకి అన్నీ ఒకే ఫిర్యాదు, లోపల కారణాలు మాత్రం వేరువేరు. చాలామంది నేరుగా ప్లేయర్ సెట్టింగుల మీద పడతారు, అనవసరంగా. మీరు కీ నొక్కినప్పుడు అది ముందు కెర్నెల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి చేరుతుంది, అక్కడ ఏ కీకి ఏ అక్షరమో చెప్పే పట్టిక, కీమ్యాప్ చూసి అక్షరంగా మారుతుంది, ఆ అక్షరం టెర్మినల్‌లోకి వెళ్తుంది, అక్కడ ఎవరు చదువుతుంటే వాళ్లకి అందుతుంది. ప్లేయర్‌కి అందాక తన కాన్ఫిగ్ చూసుకుని ఫలానా కీ అంటే పాజ్, ఫలానా కీ అంటే మ్యూట్ అని తేల్చుకుంటుంది. మధ్యలో ఎక్కడ ఆగిందో తెలిస్తే రిపేరు సాధారణంగా ఒక్క కమాండే. కాబట్టి పనంతా అది ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే.

ఇక్కడ కమాండ్లు పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, మీరు టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో. స్పెల్లింగ్ తట్టదేమో అనిపించినచోట అక్షరాలు విడివిడిగా చెబుతాను.

మొదలుపెట్టేముందు ఒక పని

ఇంకో దారి సిద్ధంగా పెట్టుకోండి. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి, లేదా ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే దూరం నుంచి కమాండ్లు కొట్టే పద్ధతిలో, ఈ మెషీన్‌లోకి లాగిన్ అయి చూడండి. కీబోర్డ్ పూర్తిగా మొరాయించాక ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేయడం కుదరదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం ఒక్కటే మిగులుతుంది, మెమరీ కార్డ్ మీద నడిచే మెషీన్లకి అది అస్సలు మంచిది కాదు. అలాగే టెన్షన్‌లో కంట్రోల్ ఆల్ట్ డిలీట్ మాత్రం కొట్టకండి, సిస్టమ్‌డీ (సర్వీసులని మొదలుపెట్టి నడిపే ప్రోగ్రాం) ఉన్న మెషీన్‌లో కన్సోల్ దగ్గర అది కొడితే మెషీన్ రీబూట్ అయిపోతుంది.

కీ అసలు కెర్నెల్ దాకా వస్తోందా

నమ్ లాక్ నొక్కండి. లైటు మారుతోందా? మారితే కీబోర్డ్, కేబుల్, యూఎస్‌బీ పోర్ట్, కెర్నెల్ అన్నీ బాగానే ఉన్నట్టు, దానితోపాటు కన్సోల్ కీబోర్డ్‌ని మామూలు పద్ధతిలోనే చదువుతోందని కూడా తెలుస్తుంది, ఎందుకంటే కన్సోల్ దగ్గర ఈ లైటు వెలిగించేదీ ఆర్పేదీ కెర్నెలే. మారకపోతే రెండే కారణాలు. హార్డ్‌వేర్ పోయి ఉండాలి, లేదా ఏదో ప్రోగ్రాం కీబోర్డ్‌ని రా మోడ్‌లో వదిలేసి ఉండాలి. రా మోడ్ సంగతి కింద చెబుతాను. చిన్న వైర్‌లెస్ కీబోర్డ్‌లకి ఈ లైటే ఉండదు, అలాంటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌లో ‘సుడో ఈవీటెస్ట్’ నడిపి, జాబితాలో మీ కీబోర్డ్‌ని ఎంచుకుని, అసలు కీబోర్డ్ మీద ఏదైనా కీ నొక్కండి. ఇక్కడ వరుస కదిలితే హార్డ్‌వేర్ బాగున్నట్టే.

కదలకపోతే కెర్నెల్ లాగ్ చూడండి. కమాండ్ డీ-ఎం-ఈ-ఎస్-జీ, పక్కన -డబ్ల్యూ పెడితే కొత్త లైన్లు వస్తున్నకొద్దీ చూపిస్తుంది. కీబోర్డ్ ప్లగ్ పీకి మళ్లీ పెడితే కొత్త యూఎస్‌బీ డివైస్ వచ్చినట్టు లైన్లు పడాలి. మీరు ముట్టుకోకుండానే డిస్‌కనెక్ట్ అని, వెంటనే మళ్లీ కొత్త డివైస్ అని పదేపదే వస్తుంటే అది కరెంటు సమస్య. రాస్‌బెరీ పైలో ఇది మరీ ఎక్కువ. వీడియో మొదలయ్యేదాకా కీబోర్డ్ బాగుంటుంది, మొదలవగానే ప్రాసెసర్ కరెంటు ఎక్కువ లాగుతుంది, వోల్టేజ్ పడిపోతుంది, యూఎస్‌బీ మీద ఉన్నవి తడబడతాయి. జనం దాన్ని ప్లేయర్ తప్పనుకుంటారు. ‘వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్’ అని కొట్టండి, ఇందులో వీసీజెన్‌కమాండ్ అంటే వీ-సీ-జీ-ఈ-ఎన్-సీ-ఎం-డీ. 0ఎక్స్0 వస్తే నిశ్చింత. 0ఎక్స్50005 లాంటిది వస్తే ఇప్పుడీ క్షణంలో కూడా వోల్టేజ్ తక్కువగా ఉందని అర్థం. రాస్‌బెరీ పై 4కి 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. డ్రాయర్‌లో దొరికిన పాత ఫోన్ ఛార్జర్‌తో, సన్నటి కేబుల్‌తో నడిపిస్తే ఏ సెట్టింగ్ మార్చినా లాభం ఉండదు, ముందు అడాప్టర్ మార్చండి.

వచ్చిన అక్షరం సరైనదేనా

ఇది నాకు బాగా ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే ఊహాగానాలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. ప్లేయర్ మూసేసి ప్రాంప్ట్ దగ్గర ‘షోకీ -ఏ’ అని కొట్టండి, స్పెల్లింగ్ షో, కీ కలిపి. ఇప్పుడు పీ కీ నొక్కితే అక్షరం, దాని పక్కన 112 అని అంకె వస్తాయి. క్యూ నొక్కితే 113. స్పేస్ అయితే 32. కుడి బాణం నొక్కితే ఒక్క అంకె రాదు, మూడు వస్తాయి, 27, 91, 67. ఈ మూడు కలిస్తేనే కుడి బాణం, ఎడమ బాణానికి చివరిది 68. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది. బయటికి రావడానికి కంట్రోల్ డీ.

పీ నొక్కితే 112 బదులు 224, 176, 156 అని మూడు అంకెలు వచ్చాయా? కంగారు పడకండి, అది తెలుగు ‘జ’. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో పీ స్థానంలో ఉండేది జ, ఎం స్థానంలో స. డెబియన్, ఉబుంటుల్లో కీబోర్డ్ సెటప్‌లో తెలుగు కూడా పెట్టుకుని, ఆల్ట్ షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారేలా చేసుకున్నవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. వేలు తగిలి లేఅవుట్ మారిపోతుంది, వీడియో స్క్రీన్ నిండా ఉంటుంది కాబట్టి మారినట్టు తెలిసే దారే లేదు, ఆపైన ఏ అక్షరం కీ నొక్కినా ప్లేయర్‌కి అర్థం కాదు. స్పేస్, బాణాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. అక్షరాలు పనిచేయక, స్పేసూ బాణాలూ పనిచేస్తుంటే ముందు అనుమానించాల్సింది లేఅవుట్‌నే.

అప్పటికప్పుడు సరిచేయాలంటే ‘సుడో లోడ్‌కీస్ యూఎస్’ చాలు. శాశ్వతంగా కావాలంటే డెబియన్, ఉబుంటుల్లో /ఈటీసీ/డీఫాల్ట్/కీబోర్డ్ అనే ఫైలు తెరిచి, ఎక్స్‌కేబీ లేఅవుట్ లైన్లో యూఎస్ ముందు వచ్చేలా, ఇండియా లేఅవుట్ కామా తర్వాత వచ్చేలా రాసి, ‘సుడో సెటప్‌కాన్’ కొట్టండి, స్పెల్లింగ్ ఎస్-ఈ-టీ-యూ-పీ-సీ-ఓ-ఎన్. ఫెడోరా, ఆర్చ్ వాడేవాళ్లకి ‘లోకేల్‌సీటీఎల్ సెట్-కీమ్యాప్ యూఎస్’.

ఇంకో మార్గం కూడా ఉంది, తెలుగు లేఅవుట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుకునేవాళ్లకి అదే మేలు. ఎంపీవీ కాన్ఫిగ్‌లో తెలుగు అక్షరాన్ని కూడా కీగా రాసుకోవచ్చు. ఏ కీకి ఏ పనో రాసుకునే ఇన్‌పుట్.కాన్ఫ్ ఫైల్లో ఒక లైనులో ‘జ’ అని రాసి, ఖాళీ వదిలి ‘సైకిల్ పాజ్’ అని ఇంగ్లిష్‌లో రాస్తే, ఇక పీ నొక్కినా జ నొక్కినా వీడియో ఆగుతుంది. అదే విధంగా ‘స’ పక్కన ‘సైకిల్ మ్యూట్’. డెస్క్‌టాప్‌లో వాడినప్పుడు కూడా ఇది పనికొస్తుంది. మాటల్లో మాట, కన్సోల్ మీద తెలుగు ఫైలు పేర్లు గడులుగా కనపడినా బెంగపడకండి, కన్సోల్ ఫాంట్‌కి తెలుగు గుణింతాలు కూర్చడం రాదు. సబ్‌టైటిల్స్ మాత్రం ఎంపీవీ తన సొంత లైబ్రరీతో గీసుకుంటుంది కాబట్టి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఒత్తులతో సహా చక్కగా వస్తాయి.

క్యాప్స్ లాక్ సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. చిన్న క్యూ నొక్కితే ఎంపీవీ మూసుకుంటుంది, పెద్ద క్యూ అయితే ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుని మూసుకుంటుంది. చిన్న పీ పాజ్, పెద్ద పీ అయితే ఎంతసేపు నడిచిందో చూపిస్తుంది. క్యాప్స్ ఆన్‌లో ఉంటే సగం కీలు వేరే పనులు చేస్తాయి, మిగతా సగం ఏమీ చేయవు.

అక్షరం ప్లేయర్‌కే వెళ్తోందా, ఇంకెవరైనా తీసుకుంటున్నారా

డెస్క్‌టాప్‌లో అయితే ప్లేయర్‌కి సొంత విండో ఉంటుంది, ఆ విండోలో నొక్కిన కీ దానికే వస్తుంది. కన్సోల్‌లో ఆ సదుపాయం లేదు. ఎంపీవీని ‘--వీఓ=డీఆర్ఎం’ అని పెట్టి నడిపినా, ఎంప్లేయర్‌ని ఫ్రేమ్‌బఫర్ మీద నడిపినా (రెండూ డెస్క్‌టాప్ లేకుండా బొమ్మని నేరుగా స్క్రీన్ మీద వేసే దారులే) బొమ్మ ఒక దారిన, కీలు ఇంకో దారిన వెళ్తాయి. కీలు వచ్చేది టెర్మినల్ నుంచే. అందుకని ఆ టెర్మినల్‌ని ఎవరు చదువుతున్నారన్నదే ముఖ్యం.

కమాండ్ చివర ఆంపర్‌సాండ్ గుర్తు పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపారా? అప్పుడు మీరు కొట్టే కీలన్నీ షెల్‌కి, అంటే ప్రాంప్ట్ దగ్గర కమాండ్లు చదివే ప్రోగ్రాంకి పోతాయి, బొమ్మ కింద కనపడకుండా కమాండ్ లైన్ మీద పడుతుంటాయి. పొరపాటున కంట్రోల్ జడ్ కొట్టినా అంతే, ప్లేయర్ నిద్రపోతుంది, చాలాసార్లు చివరి ఫ్రేమ్ అలాగే స్క్రీన్ మీద నిలిచిపోతుంది, అందరూ హ్యాంగ్ అయిందనుకుంటారు. ఏమీ కనపడకపోయినా ధైర్యంగా ఎంటర్ కొట్టి, ‘ఎఫ్‌జీ’ అని టైప్ చేసి మళ్లీ ఎంటర్ కొట్టండి. ప్లేయర్ తిరిగొస్తుంది, కీలు కూడా దానికే వెళ్తాయి.

ఎంప్లేయర్ వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి, దీని మీద కాస్త ఆగుదాం. ఫైళ్ల జాబితా ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకుని, షెల్‌లో వైల్ రీడ్ లూప్ రాసి ఒక్కో పేరూ తీసుకుంటూ ఎంప్లేయర్‌కి ఇస్తారు. లూప్ మొత్తానికి స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే ప్రోగ్రాం తనకి వచ్చేవి చదువుకునే మామూలు దారి, ఆ జాబితా ఫైలే కదా, ఎంప్లేయర్ కీల కోసం చదివేదీ ఆ స్టాండర్డ్ ఇన్‌పుట్‌నే. దాంతో రెండో ఫైలు పేరులోని అక్షరాలని కీలుగా తీసుకుంటుంది. పేరులో ఎం ఉంటే సౌండ్ పోతుంది, క్యూ ఉంటే మూసుకుపోతుంది, మీ కీబోర్డ్‌కి మాత్రం అస్సలు పలకదు, జాబితా కూడా సగంలో అయిపోతుంది. దెయ్యం పట్టిందనుకునేంత వింతగా ఉంటుంది గానీ కారణం ఇంతే. లూప్ మానేసి ‘-ప్లేలిస్ట్’ అని జాబితా ఫైలు నేరుగా ఇవ్వండి, ఎంపీవీలో అయితే ‘--ప్లేలిస్ట్=’ అని. ఫైండ్, ఎక్స్‌ఆర్గ్స్ కలిపి వాడేవాళ్లకి దీని తమ్ముడి లాంటి సమస్య వస్తుంది, ఎక్స్‌ఆర్గ్స్ స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని ఖాళీ చేసి ఇస్తుంది, అందుకని ఎంప్లేయర్‌కి కీలే రావు. ఎక్స్‌ఆర్గ్స్‌కి ‘-ఓ’ ఆప్షన్ కలిపితే టెర్మినల్‌ని మళ్లీ తెరిచి ఇస్తుంది. ఎంపీవీ మాత్రం స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని నమ్ముకోకుండా నేరుగా /డెవ్/టీటీవై తెరుచుకుంటుంది, పైపు ద్వారా వీడియో పంపించినా కీలు పనిచేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లని ఎంపీవీకే వెళ్లమని నేను చెప్పడానికి ఇదొక పెద్ద కారణం.

వీఎల్‌సీ వాడుతుంటే, సీవీఎల్‌సీ అనే కమాండ్ ఇంటర్‌ఫేస్ లేకుండా నడుస్తుంది, అది మామూలుగా కీలు వినదు. దాని బదులు ఎన్‌వీఎల్‌సీ నడపండి.

బాణం కీ నొక్కితే మూసుకుపోతోందా, నెమ్మదిస్తోందా

ఇందాక కుడి బాణానికి 27, 91, 67 అని మూడు వస్తాయన్నాను. ఇందులో 27 అంటే ఎస్కేప్ కీ, 91 అంటే ఎడమ చదరపు బ్రాకెట్. మూడూ ఒకేసారి అందితే ప్లేయర్ బాణం అనుకుంటుంది. నెట్ నెమ్మదిగా ఉండి ఎస్‌ఎస్‌హెచ్ మీద నుంచి నడుపుతున్నప్పుడు ఇవి విడివిడిగా అందొచ్చు. ఎంప్లేయర్‌లో ఎస్కేప్ అంటే క్విట్! అందుకే బాణం నొక్కగానే మూసుకుపోతుంది. ఎంపీవీలో ఎస్కేప్ ఫుల్ స్క్రీన్‌లోంచి బయటికి రావడానికి మాత్రమే, కాబట్టి మూసుకోదు, కానీ ఆ తర్వాతి చదరపు బ్రాకెట్ స్పీడ్ తగ్గించే కీ. బాణం నొక్కినప్పుడల్లా పాత్రల మాటలు సాగదీసినట్టు వినపడుతున్నాయంటే జరుగుతున్నది ఇదే, బ్యాక్‌స్పేస్ కొడితే స్పీడ్ మామూలవుతుంది.

పరిష్కారం, ఎస్‌ఎస్‌హెచ్ బదులు మెషీన్ దగ్గరున్న కీబోర్డ్ వాడండి, లేదా చివర్లో చెప్పే సాకెట్ పద్ధతికి మారండి. అలాగే టెర్మినల్ ఏ రకమో చూడ్డానికి ‘ఎకో $టర్మ్’ అని, టర్మ్ పెద్దక్షరాల్లో టీ-ఈ-ఆర్-ఎం, కొట్టి చూడండి. నేరుగా కన్సోల్‌లో ఉంటే ‘లైనక్స్’ అని రావాలి. చాలామంది బాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలవగానే చదివే ఫైల్లో) ఎక్స్‌టర్మ్ అని బలవంతంగా రాసేసి ఉంటారు, ఆ లైన్ తీసేయండి. ఇది తప్పుగా ఉంటే ముందు దెబ్బతినేవి ఎఫ్1, ఎఫ్2 లాంటి కీలు, ఎందుకంటే కన్సోల్ వాటికి పంపే సంకేతాలు వేరు, ఎక్స్‌టర్మ్ పంపేవి వేరు.

కొన్ని కీలు మాత్రం ఎంత చేసినా కన్సోల్‌లో పనిచేయవు, వాటితో కుస్తీ పట్టకండి. షిఫ్ట్ బాణం, కంట్రోల్ బాణం కన్సోల్‌లో ఉత్త బాణంలాగే వస్తాయి. ఎంపీవీలో షిఫ్ట్ కుడి బాణం ఒక్క సెకను జరపాలి, కన్సోల్‌లో 5 సెకన్లు జరుగుతుంది. షిఫ్ట్ పేజ్ అప్ ప్లేయర్ దాకా రానేరాదు, దాన్ని కన్సోల్ తన స్క్రోలింగ్ కోసం పట్టేసుకుంటుంది, ఆ స్క్రోలింగ్‌ని 2020లో వచ్చిన 5.9 కెర్నెల్‌లో తీసేసినా కీమ్యాప్‌లో ఆ కీ ఇంకా అలాగే ఉంది. ఆల్ట్ బాణం అయితే మిమ్మల్ని పక్క కన్సోల్‌కి తీసుకెళ్లిపోతుంది, బొమ్మ మాయమైతే భయపడకుండా ఆల్ట్ నొక్కి రెండో వైపు బాణం కొట్టండి. ఇలాంటివాటికి బదులు మామూలు అక్షరాలు పెట్టుకోండి. నేనైతే పది నిమిషాలు వెనక్కి హెచ్, ముందుకి కే పెట్టుకున్నాను, ఇన్‌పుట్.కాన్ఫ్‌లో ‘కే సీక్ 600’, ‘హెచ్ సీక్ -600’ అని రెండు లైన్లు.

అందుతోంది కానీ పని జరగట్లేదా

ఎంపీవీ ఇక్కడ చాలా సాయం చేస్తుంది. తనకి తెలియని కీ వస్తే, ఫలానా కీకి బైండింగ్ (దానికి కట్టిన కమాండ్) దొరకలేదని టెర్మినల్‌లో ఒక లైన్ రాస్తుంది. స్క్రీన్ నిండా వీడియో ఉంటే అది కనపడదు కాబట్టి ‘--లాగ్-ఫైల్=’ పెట్టి ఒక ఫైలు పేరు ఇచ్చి తర్వాత చదువుకోండి. ఆ లైన్ ఉందంటే కీ ప్లేయర్ దాకా క్షేమంగా చేరిందన్నమాట, మిగిలింది కాన్ఫిగ్ ఒక్కటే. ఇంకా స్పష్టంగా కావాలంటే ‘--ఇన్‌పుట్-టెస్ట్’ కలిపి ఏదైనా వీడియో తెరవండి, ఇక ఏ కీ నొక్కినా పని చేయకుండా, ఆ కీ పేరేంటో, దానికి ఏ కమాండ్ కట్టి ఉందో బొమ్మ మీదే చూపిస్తుంది. క్యూ కూడా పనిచేయదు, అది కూడా పేరే చూపిస్తుంది, కాబట్టి మూయడానికి కంట్రోల్ ఆల్ట్ ఎఫ్2తో ఇంకో కన్సోల్‌కి వెళ్లో, ఎస్‌ఎస్‌హెచ్‌లోంచో ‘పీకిల్ ఎంపీవీ’ కొట్టాలి.

తర్వాత ‘--నో-కాన్ఫిగ్’ పెట్టి నడపండి. అప్పుడు బాగుంటే తప్పు మీ కాన్ఫిగ్‌దే. ఎంపీవీ.కాన్ఫ్‌లో టెర్మినల్=నో, ఇన్‌పుట్-టెర్మినల్=నో, లేదా సూడో-జీయూఐ ప్రొఫైల్ ఉంటే కన్సోల్‌లో ఒక్క కీ కూడా పనిచేయదు, డెస్క్‌టాప్ మెషీన్ నుంచి కాన్ఫిగ్ కాపీ చేసుకున్నప్పుడు ఇవి కూడా వెంట వచ్చేస్తాయి. ఎంప్లేయర్‌లో దీనికి సమానమైనది నోకన్సోల్‌కంట్రోల్స్. ఎంప్లేయర్ ఇన్‌పుట్.కాన్ఫ్ తెచ్చి ఎంపీవీలో పెట్టినా కుదరదు, కమాండ్ల పేర్లు మారాయి, అక్కడ ఉత్త పాజ్ అని రాస్తే ఇక్కడ సైకిల్ పాజ్ అని రాయాలి. హ్యాష్ గుర్తుని కీగా వాడాలంటే నేరుగా రాయకూడదు, అది కామెంట్ అయిపోతుంది, పెద్దక్షరాల్లో షార్ప్ అని రాయాలి. సుడో పెట్టి ప్లేయర్ నడుపుతుంటే అది చదివేది రూట్ హోమ్‌లోని కాన్ఫిగ్‌ని, మీది కాదు. అసలు వీడియో చూడ్డానికి సుడో ఎందుకు? డీఆర్ఎం పర్మిషన్ ఎర్రర్ కోసమైతే మీ యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

అంతా ఒక్కసారిగా బిగుసుకుపోయిందా

కంట్రోల్ క్యూ కొట్టండి, ముందు అదే. కంట్రోల్ ఎస్ తగిలితే టెర్మినల్ అవుట్‌పుట్ ఆగిపోతుంది, ప్లేయర్ తన స్టేటస్ లైన్ రాయబోయి అక్కడే ఇరుక్కుంటుంది, బొమ్మతో సహా ఆగుతుంది. కంట్రోల్ క్యూ కొడితే వదులుతుంది. స్క్రోల్ లాక్ కూడా ఇదే పని చేస్తుంది, దాని లైటు వెలుగుతుంటే ఇంకోసారి నొక్కండి. ఈ బాధ మళ్లీ లేకుండా ‘ఎస్‌టీటీవై -ఐక్సాన్’ అని, ఐ-ఎక్స్-ఓ-ఎన్, బాష్‌ఆర్‌సీలో రాసుకోవచ్చు, కాకపోతే స్క్రోల్ లాక్‌కి ఇది వర్తించదు.

కీలు పనిచేస్తున్నాయి గానీ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా అయితే, అది డీకోడింగ్ భారం. ‘--హెచ్‌డబ్ల్యూడెక్=ఆటో’ పెట్టి చూడండి, హెచ్-డబ్ల్యూ-డీ-ఈ-సీ. అది కూడా చాలకపోతే ఆ మెషీన్‌కి ఆ వీడియో బరువెక్కువ, తక్కువ రిజల్యూషన్ ఫైలు తీసుకోండి.

ప్లేయర్ పోయాక మిగిలే గోల

నడుస్తున్నంతసేపు ప్లేయర్ టెర్మినల్ సెట్టింగులు మారుస్తుంది, ఎంటర్ కోసం ఆగకుండా ప్రతి కీ వెంటనే అందేలా, కొట్టిన అక్షరం తెర మీద పడకుండా. మామూలుగా మూస్తే అన్నీ తిరిగి పెట్టేసి వెళ్తుంది. క్రాష్ అయినా, ఎవరైనా ‘కిల్ -9’ కొట్టినా ఆ అవకాశం దానికి ఉండదు. అప్పుడు మీరు టైప్ చేసేది కనపడదు గానీ షెల్‌కి అందుతూనే ఉంటుంది. గుడ్డిగానే ‘ఎస్‌టీటీవై సేన్’, ఎస్-ఏ-ఎన్-ఈ, అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఎంటర్‌కి పలక్కపోతే కంట్రోల్ జే కొట్టండి, అది ఎంటర్ పనే చేస్తుంది. స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు కూడా ఉంటే ‘రీసెట్’. అందుకే ప్లేయర్‌ని చంపాల్సి వస్తే ముందు ఉత్త పీకిల్, దానికి లొంగకపోతేనే -9.

కీబోర్డే చచ్చిపోయి, నమ్ లాక్ లైటు కూడా మారక, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్2 కూడా పనిచేయకపోతే అది రా మోడ్, అంటే కెర్నెల్ కీలని అక్షరాలుగా మార్చకుండా ఉన్నవున్నట్టే ప్రోగ్రాంకి వదిలేసే పద్ధతి. ఎంపీవీ సాధారణంగా ఇలా చేయదు, ఎస్‌డీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ మీద నడిచే పాత గేములు, ఎమ్యులేటర్లు, ఎస్‌డీఎల్ అవుట్‌పుట్‌తో నడిపిన ఎంప్లేయర్, మధ్యలో చంపేసిన ఎక్స్ సర్వర్ (డెస్క్‌టాప్ బొమ్మ గీసే ప్రోగ్రాం) చేస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి ‘సుడో కేబీడీ_మోడ్ -యూ -సీ /డెవ్/టీటీవై1’ కొట్టండి, ఇందులో -సీ పెద్దక్షరం, చివరి అంకె మీ కన్సోల్ నంబర్. ఎస్‌ఎస్‌హెచ్ లేకపోతే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ నొక్కిపట్టి ఆర్ కొట్టండి, దాన్నే మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ అంటారు, కెర్నెలే కీబోర్డ్‌ని రా మోడ్‌లోంచి లాగుతుంది. తర్వాత ప్రాంప్ట్ దగ్గర ‘కేబీడీ_మోడ్ -యూ’ కొట్టకపోతే తెలుగు లాంటి అక్షరాలు సరిగా రావు, ఎందుకంటే ఆర్ దాన్ని యూనికోడ్‌లో వదలదు. కానీ ఇది అన్నిచోట్లా ఆన్‌లో ఉండదు. /ప్రాక్/సిస్/కెర్నెల్/సిస్‌ఆర్‌క్యూ ఫైల్లోని అంకె చూడండి, అందులో 4 అనే బిట్ ఉండాలి. డెబియన్‌లో 438 ఉంటుంది, అందులో 4 ఉంది. ఉబుంటులో 176, అందులో లేదు, కాబట్టి ‘సుడో సిస్‌సీటీఎల్ కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ=180’ అని ముందే పెట్టుకోవాలి, శాశ్వతంగా కావాలంటే అదే లైను /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ లో ఒక ఫైల్లో రాసుకోవాలి.

టెర్మినలే లేని చోట

మెషీన్ ఆన్ అవగానే వీడియో మొదలయ్యేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గానో క్రాన్‌లోనో పెట్టుకున్నవాళ్లకి కీలు పనిచేయకపోవడం తప్పు కాదు, దానికి టెర్మినలే ఇవ్వలేదు మరి. సర్వీస్ ఫైల్లో స్టాండర్డ్‌ఇన్‌పుట్=టీటీవై, టీటీవైపాత్=/డెవ్/టీటీవై1 అని రెండు లైన్లు కలపండి, ఆ కన్సోల్ మీద లాగిన్ అడిగే గెట్టీ సర్వీస్‌ని ఆపేయండి, లేకపోతే ఇద్దరూ ఒకే కీబోర్డ్ కోసం కొట్టుకుంటారు.

దానికన్నా నాకు నచ్చేది సాకెట్. ఎంపీవీని ‘--ఇన్‌పుట్-ఐపీసీ-సర్వర్=/టీఎంపీ/ఎంపీవీ’ అని పెట్టి నడిపితే ఆ చోట ఒక సాకెట్, అంటే వేరే ప్రోగ్రాములు ప్లేయర్‌కి కమాండ్లు పంపే ద్వారం, తయారవుతుంది. ఇక ఏ కన్సోల్ నుంచైనా, ఎస్‌ఎస్‌హెచ్ నుంచైనా, అది ఫోన్‌లోని టెర్మక్స్‌లో నడిపేదైనా ‘ఎకో సైకిల్ పాజ్’ అని రాసి, పైపు గుర్తు పెట్టి, ‘సోక్యాట్ - /టీఎంపీ/ఎంపీవీ’, ఎస్-ఓ-సీ-ఏ-టీ, అని కొడితే వీడియో ఆగుతుంది, మళ్లీ కొడితే నడుస్తుంది. సైకిల్ పాజ్ బదులు ‘సీక్ 60’ అయితే ఒక నిమిషం ముందుకి, ‘యాడ్ వాల్యూమ్ -5’ అయితే సౌండ్ తగ్గుతుంది, ఇన్‌పుట్.కాన్ఫ్‌లో రాసే కమాండ్ ఏదైనా ఇక్కడ చెల్లుతుంది. ఇలాంటివి నాలుగు చిన్న స్క్రిప్టులుగా రాసి ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటే టీవీ దగ్గరికి లేచి వెళ్లే పనే ఉండదు. సాకెట్‌కి పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తే, ప్లేయర్‌ని ఏ యూజర్‌తో నడిపారో సోక్యాట్‌ని కూడా అదే యూజర్‌తో నడపండి.